“అర్థమైందా?” “ఆఁ సార్!” – ఈ ‘ఆఁ’ను ఎంతవరకు నమ్మొచ్చు?

గోడౌన్_మేస్త్రి

అందరికీ నమస్కారం. వచ్చే వారం 30 మందికి రెండు గంటల క్లాసు చెప్పాలి. సరుకు ఎక్కించి దించేవాళ్లు, హైడ్రా (చక్రాల మీద తిరిగే చిన్న క్రేను) ఆపరేటర్లు, రిగ్గర్లు (సరుకును క్రేనుకు కట్టేవాళ్లు), సూపర్‌వైజర్లు, ఫస్ట్ ఎయిడ్ గదిలో ఉండే నర్సు అందరూ ఉంటారు. సగానికి పైగా తెలుగువాళ్లు, మిగతావాళ్లు ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు. వినికిడి లేని హెల్పర్ ఒకరున్నారు.

మొదటి స్లైడు ఇలా పెట్టాను: “మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతు 38, ముఖం, ఒళ్లు కలిపి 55.” ఇది సరేనా? రెండో సందేహం: పని చెప్పాక “అర్థమైందా” అంటే అందరూ “ఆఁ” అంటారు, తర్వాత పని తప్పుతుంది. దీనికి ఏం చేయాలి? మూడోది: చేతి సైగల్లో తప్పకుండా నేర్పాల్సినవి ఏవి?

భాషాపురుగు

ముందు ఆ స్లైడు తీసేయండి. మిగతాది తర్వాత చూద్దాం.

ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రేబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ఇతరులతో కలిసి చేసిన రెండు ప్రయోగాల్లోంచి వచ్చాయి. వాటిలో వాడినవి విడి మాటలు. ఒక్కో మాటను వేర్వేరు గొంతులతో పలికించారు, రెండో ప్రయోగంలో దానికి ముఖం ఫోటోలు జోడించారు. మాట ఒకటి చెబుతూ గొంతూ ముఖమూ ఇంకొకటి చెబుతున్నప్పుడు, ఎదుటివాళ్లకి మన మీద ఇష్టముందా లేదా అన్నది వినేవాళ్లు దేన్నిబట్టి తేల్చుకుంటారు? అడిగింది ఇదొక్కటే. పని పురమాయించడానికీ, లెక్క చెప్పడానికీ, దారి చెప్పడానికీ ఈ సూత్రం వర్తించదని ఆయనే చెప్పారు.

క్లాసులోనే తేల్చేయొచ్చు. ఒకరిని నిలబెట్టి “రేపు పొద్దున ఆరింటికి మూడో గేటు దగ్గరకు రెండు స్లింగులు (సరుకు కట్టే బెల్టులు) పట్టుకురా” అన్న ముక్కని నోరు మెదపకుండా చెప్పమనండి. 93 శాతం ఎంతమందికి చేరిందో అక్కడే తెలుస్తుంది.

అలాగని సైగలు తక్కువవని కాదు. కోపం, అనుమానం, భయం, “నాకు ఇష్టం లేదు కానీ కాదనలేను” వంటివి మాటల్లో దాక్కుంటాయి, ముఖంలో బయటపడతాయి. అంకె, పేరు, చోటు, సమయం మాత్రం మాటలోనే ఉంటాయి. ఏ సమాచారం ఏ దారిలో వెళ్తుందో విడదీసి చెబితే మీ స్లైడు సరిపోతుంది.

భాషాపురుగు

రెండో సందేహానికి వస్తున్నా, ఇది కాస్త పొడుగు.

తెలుగులో ‘ఊఁ’ అన్నది ఒప్పుకోలు కాదు. కథ చెప్పేటప్పుడు పిల్లల్ని “ఊఁ కొట్టు” అంటాం కదా, దాని అసలు పని అదే. ‘నిద్రపోలేదు, వింటున్నా, కానియ్యి’ అని చెప్పడం. విషయం ఎక్కిందా, ఒప్పుకున్నారా అన్నది అందులో లేదు. గొంతు పైకి లేచిన ‘ఊఁ?’ అంటే మళ్లీ చెప్పమని. ‘ఉహూఁ’ అంటే కాదు. ‘ప్చ్’ అంటే సందర్భాన్నిబట్టి లేదనో, పాపమనో, విసుగనో.

ఇక తల. నిలువుగా ఊపితే అవును, అడ్డంగా తిప్పితే కాదు. ఈ రెండింటితో పేచీ లేదు. మూడోది, భుజాల వైపు తల ఇటూ అటూ వాల్చడం. చురుగ్గా రెండు మూడుసార్లు వాలిస్తే ‘సరే, అలాగే’. నెమ్మదిగా ఒకసారి వాలిస్తే ‘విన్నాను’. పెదవి విరుపు తోడైతే ‘చూద్దాంలే’. విదేశాల్లో ఉన్నవాళ్లతో వీడియో కాల్‌లో ఈ మూడోదే చిక్కు. వాళ్ల కంటికి అది అడ్డంగా తిప్పినట్టే ఉంటుంది, కాదన్నారని రాసుకుంటారు.

మాటల్లో కూడా మెట్లున్నాయి. ‘చేస్తాను’ అంటే మాట ఇచ్చినట్టు. ‘అలాగే’ అంటే కాదనలేదని మాత్రమే. ‘చూద్దాం’ అంటే చాలాసార్లు మర్యాదగా ‘కాదు’. ‘అయిపోద్ది’ అన్నది మరీ జారుడు మాట: ఎవరు చేస్తారో, ఎప్పటికి చేస్తారో రెండూ అందులో లేవు.

ఓరుగల్లు_అన్న

భాషాపురుగన్న జెప్పింది కరెక్టే గని ఒక ముచ్చట ఇడిసిపెట్టిండు. “సమజైందా?” అని పది మంది ముంగట అడిగితె “కాలే సార్” అని ఎవ్వలంటరు? అడిగెటోడు పెద్దోడు, చెప్పెటోడు చిన్నోడు, పక్కన దోస్తులు. సమజ్ కాలే అంటె నాకు తెల్వి లేదని ఒప్పుకున్నట్టే. గందుకే ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడైనా ఒక్కటే ఉంటది. తప్పు జవాబుది గాదు, ప్రశ్నది.

ఇంకోటి. మా దిక్కు పెద్దమనిషిని గూడ “నువ్వు” అనుడు ఉంటది. అండ్ల మర్యాద తక్కువేం లేదు, “అన్నా”, “కాకా”, “సార్” అన్న పిలుపులనే ఉంటది మర్యాద. కోస్తా నుంచి వచ్చిన సూపర్‌వైజర్‌కు అది గుచ్చుకుంటది. “నువ్వు జెప్పిన జాగల పెట్టిన సార్” అన్నోడు ఎదురుతిరిగినట్టు గాదు. గటు తిరిగి, “అండీ” అని ప్రతి మాటకు తగిలిస్తె మావోళ్లకు దూరం పెడుతున్నట్టు అనిపిస్తది. క్లాసుల ఈ ఒక్క ముక్క ముందుగాల జెప్పుండ్రి, సగం గుస్స తగ్గుతది.

బిళ్ళ_సీసా

మందుల కౌంటర్లో ఇదే గొడవ. అక్కడ పనికొచ్చే పద్ధతి మీ సైటులోనూ పనికొస్తుంది: తిరిగి చెప్పించుకోవడం.

వరస ఇలా ఉంటుంది. ఒక విడతలో రెండు మూడు విషయాలకు మించి చెప్పకూడదు. చెప్పాక “అర్థమైందా” అనకుండా “ఇంటికెళ్లాక ఈ బిళ్ళ ఎప్పుడెప్పుడు, ఎలా వేస్తారో ఒకసారి చెప్పండి” అనాలి. వాళ్లు చెప్పింది తప్పితే, తప్పిన ముక్కనే వేరే మాటల్లో చెప్పాలి. అదే వాక్యం గట్టిగా అరిస్తే లాభం లేదు. మళ్లీ అడగాలి. సరిగ్గా వచ్చాకే తర్వాతి విడత.

వాళ్ల మాటల్లోనే రావాలి, అది ముఖ్యం. మీ వాక్యమే చిలకలా తిరిగి వస్తే ఏమీ తేలినట్టు కాదు. “రోజుకు మూడు” అన్నది అప్పజెప్పగలిగినవాళ్లు మూడూ కలిపి ఒకేసారి మింగరని నమ్మకమేముంది? “మొదటిది ఏ టైముకి? ఆఖరుది ఏ టైముకి?” అనడిగితే ఆ తప్పు బయటపడుతుంది.

ఎక్కడెక్కడ తప్పుతుందో కూడా రాస్తా, ఎందుకంటే అవన్నీ మాటల దగ్గరే:

‘పూటకొకటి’ – రోజుకు రెండు పూటలు తినే ఇంట్లో రెండు, మూడు పూటలు తినే ఇంట్లో మూడు. పూట అనకుండా పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని విడివిడిగా చెప్పాలి. తెలంగాణలో సాయంత్రానికి ‘మాపటేల’ అంటే వెంటనే అందుతుంది. మందు పేరు కూడా అంతే: కోస్తాలో ‘బిళ్ళ’, తెలంగాణలో ‘గోలీ’. ‘మాత్ర’ పుస్తకంలోనే ఎక్కువ.

చీటీ మీద 1-0-1 అన్నది పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని రాసినవాళ్లకే తెలుసు. చదువు రానివాళ్లకు కవరు మీద సూర్యుడు, చంద్రుడు గీసి పక్కన బిళ్ళ బొమ్మ పెట్టాలి.

‘ఒక చెంచా’ – ఇంట్లో చెంచాలు ఒక్క కొలతలో ఉండవు. టీ చెంచా అంటే 5 మి.లీ., పెద్ద చెంచా అంటే 15. మూడింతల తేడా! సీసాతో వచ్చిన మూతలోనే గీత చూపించి పోయించాలి.

ఓఆర్‌ఎస్ – 20.5 గ్రాముల పెద్ద ప్యాకెట్ మొత్తం 1 లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. ‘నీళ్లలో కలిపి తాగండి’ అని వదిలేస్తే గ్లాసులో కాస్త పోసుకుని మిగతాది మడిచి దాస్తారు. అప్పుడు ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది. చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి కాబట్టి, ఎన్ని నీళ్లో ప్యాకెట్ మీద చూసి చెప్పాలి.

గోడౌన్_మేస్త్రి

ఇది బాగుంది. కానీ మా దగ్గర 20 ఏళ్ల అనుభవం ఉన్న రిగ్గర్లున్నారు. “చెప్పింది తిరిగి చెప్పు” అంటే బడిపిల్లాడిని చేశారని మొహం ముడుచుకుంటారు.

బిళ్ళ_సీసా

పరీక్ష వాళ్లకి కాదు, మీకు. ఆ బరువు మీ మీద వేసుకుని అడగండి: “అన్నా, నేను గబగబా చెప్పేశా, ఏదైనా వదిలేశానేమో. మీరెలా చేయబోతున్నారో చెబితే నాకు తెలుస్తుంది.” ఇలా అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్లు అరుదు. రోజూ చేసే పనికి అడగొద్దు. కొత్త పని, మారిన అంకె, తప్పితే ప్రాణం మీదికొచ్చేవి – ఈ మూడింటికే పెట్టుకోండి. అన్నిటికీ అడిగితే అది మొక్కుబడి అయిపోయి మళ్లీ ‘ఆఁ సార్’ దగ్గరికే వస్తుంది.

మీ నర్సుకు ఇంకో మాట. ఫోన్లో డాక్టరు మందు చెబితే ముందు రాసుకుని, రాసింది చదివి వినిపించి, “అవును” అనిపించుకున్నాకే ఇవ్వాలి. గుండె ఆగిన మనిషి దగ్గర కూడా అదే పద్ధతి: “అడ్రినలిన్ 1 మి.గ్రా. ఐవీ” (అంటే నరంలోకి) అని ఒకరంటే, ఇచ్చేవాళ్లు అదే ముక్క తిరిగి అని, ఇచ్చాక “ఇచ్చాను, టైము ఇంత” అని మళ్లీ చెప్పాలి. 3 నుంచి 5 నిమిషాలకోసారి ఇవ్వాల్సిన మందు అది. ఇచ్చామో లేదో తెలియకపోతే లెక్క మొత్తం పోతుంది. అక్కడ “ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి” అనడం అన్నిటికంటే పెద్ద తప్పు. ‘ఎవరైనా’ అంటే ఎవరూ కాదు. పేరు పెట్టి పిలవాలి.

పట్టాల_పక్క

రైల్వేలో ఈ తిరిగి చెప్పడం అలవాటు కాదు, రూలు. బండి నడిపేటప్పుడు లోకో పైలటూ అసిస్టెంటూ సిగ్నల్ కనబడగానే దాని రంగు పైకి అనుకోవాలి. ఒకరు అన్నది రెండోవాళ్లు తాము కూడా చూసి తిరిగి అనాలి. చూడకుండా అంటే ఊఁ కొట్టినట్టే.

స్టేషన్ మాస్టర్ల మధ్య ‘ప్రైవేట్ నంబర్’ ఉంటుంది. ఫోన్లో లైన్ క్లియర్ (పక్క స్టేషన్ నుంచి బండి రావచ్చన్న అనుమతి) ఇచ్చేటప్పుడు “సరే” అంటే చెల్లదు. తన దగ్గరున్న కాగితంలోంచి వరసలో వచ్చే రెండంకెల నంబరు చెప్పాలి, అవతలివాళ్లు తిరిగి చెప్పి రిజిస్టర్లో రాయాలి. వాడిన నంబరు కొట్టేస్తారు. అలవాటుగా నోట్లోంచి వచ్చే ‘సరే’కు, కాగితం చూసి చదివిన అంకెకు అదే తేడా. ఆ నంబరు రావాలంటే మనిషి ఒక్క క్షణమైనా ఆగి చూడాల్సిందే.

మీరు క్లాసులో తప్పక చెప్పాల్సింది ఇంకోటుంది, తెలుగు అంకెలు. ఫోన్లో, వాకీటాకీలో ‘ఏభై’, ‘ఎనభై’ ఒకేలా వినబడతాయి. ‘ఇరవై’, ‘అరవై’ కూడా అంతే. ‘పదిహేను’, ‘పదిహేడు’ సరేసరి. అందుకే విడగొట్టి చెప్పాలి: “ఎనిమిది, సున్నా – ఎనభై.” ఇంగ్లిష్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ గొడవ అందరికీ తెలుసు, తెలుగులో మనకున్న గొడవ ఎవరూ చెప్పరు.

చేతి సైగల్లో రైల్వే సైగలు మీకు నేరుగా అక్కర్లేదు గానీ, ఒక పాఠం ఉంది. ఎర్ర జెండా లేనప్పుడు రెండు చేతులూ తలపైకి ఎత్తి చూపితే ‘ఆగు’. షంటింగులో (పెట్టెలు కలిపేటప్పుడు, విడదీసేటప్పుడు) అవే రెండు చేతులూ తలపైన ఉంచి దగ్గరికీ దూరానికీ ఆడిస్తే ‘పెట్టె తగిలించడానికి మెల్లగా రా’. భంగిమ ఒకటే, కదలికలోనే అర్థం మారింది. కాబట్టి ఒక్కో సైగ ఎలా ఉంటుందో ఒంటరిగా నేర్పితే చాలదు. దానికి దగ్గరగా ఉన్న సైగతో పక్కపక్కన పెట్టి నేర్పాలి.

పచ్చ జెండా కూడా అంతే. కదలకుండా పట్టుకుంటే ‘పో’, పైకీ కిందికీ ఊపితే ‘జాగ్రత్తగా పో’. ఆ ఊపే వేగాన్ని తగ్గించుకుంటూ పోతే బండి ఇంకా నెమ్మదించాలని. ఎంత అందమైన పద్ధతో చూడండి, చేతి వేగమే బండి వేగం అడుగుతోంది.

క్రేన్_కింద

మూడో ప్రశ్న నాది. హైడ్రాకైనా పెద్ద క్రేనుకైనా తప్పనిసరివి ఇవి:

లేపు: మోచేయి మడిచి ముంజేయి నిటారుగా, చూపుడువేలు పైకి, చేతిని చిన్న చిన్న సున్నాలు చుట్టాలి.
దించు: చేయి కిందికి చాచి, చూపుడువేలు నేల వైపు, అవే సున్నాలు.
బూమ్ (క్రేను పొడవాటి చేయి) పైకి: చేయి పక్కకు చాచి, పిడికిలి మూసి, బొటనవేలు పైకి. కిందికైతే బొటనవేలు కిందికి.
తిప్పు: చేయి చాచి, బూమ్ ఎటు తిరగాలో అటు వేలు చూపాలి.
ఆపు: ఒక చేయి పక్కకు చాచి, అరచేయి కిందికి పెట్టి, అడ్డంగా ముందుకీ వెనక్కీ ఊపాలి.
అత్యవసరంగా ఆపు: అదే పని రెండు చేతులతో.
మెల్లగా: ఒక చేత్తో సైగ ఇస్తూ, రెండో అరచేతిని దాని ముందు కదలకుండా పెట్టాలి.
అన్నీ కట్టేయ్, ఏదీ కదపకు: రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకోవాలి.

సైగ ఇచ్చేది ఒక్కరే, సిగ్నల్‌మన్. ‘ఆపు’ మాత్రం ఎవరిచ్చినా, టీ తెచ్చిన కుర్రాడిచ్చినా, ఆపరేటర్ ఆపాల్సిందే. సైగ ఇచ్చే మనిషి కనబడకుండా పోతే అది కూడా ‘ఆపు’ కిందే లెక్క.

ఇప్పుడు అసలు ప్రమాదం. మనవాళ్లు ‘సరే, సూపర్’ అనడానికి బొటనవేలు ఎత్తుతారు. క్రేను దగ్గర దాని అర్థం బూమ్ పైకెత్తమని! స్లింగ్ తగిలించి, కుర్రాడు నవ్వుతూ బొటనవేలు చూపితే ఆపరేటర్ బూమ్ ఎత్తుతాడు, కట్టిన సరుకు పక్కకు ఊగుతుంది. నీళ్లలో మునిగి పనిచేసే డైవర్లకూ అంతే, వాళ్లకి బొటనవేలు పైకంటే ‘పైకి తేలదాం’ అని, బాగున్నానని కాదు. మీ యార్డులో బొటనవేలు మీద నిషేధం పెట్టండి.

రెండోది, రమ్మని పిలవడం. మనం అరచేయి కిందికి పెట్టి వేళ్లు ఊపి పిలుస్తాం. దూరం నుంచి అది ‘ఆపు’లాగో ‘మెల్లగా’లాగో కనబడుతుంది. చేయి ఎత్తు, వెడల్పు సరిగ్గా లేకపోతే ఆపరేటర్ ఊహించుకోవాల్సి వస్తుంది. సైగలు భుజం ఎత్తులో, ఒంటికి దూరంగా, పెద్దగా ఉండాలి. చేతి తొడుగులూ చొక్కా ఒకే రంగైతే వేళ్లు కనబడవు, తొడుగులు వేరే రంగువి ఇప్పించండి.

పాత కళాసీలు (బరువులు ఎత్తి దించే కూలీలు) ఉంటే “ఆరియా”, “హాబీస్” అంటారు. ఆరియా అంటే దించు, హాబీస్ అంటే లేపు. ఓడల మీద నుంచి వచ్చిన మాటలు. పోర్చుగీసులో ‘అరియార్’ అంటే దించడమే. ఒడియా, హిందీ, తెలుగు కళాసీలందరికీ ఇవి తెలుసు కాబట్టి ఎగతాళి చేయకండి, మీకున్న ఉమ్మడి భాష అదొక్కటే కావచ్చు.

భాషాపురుగు

క్రేన్ అన్నా, వాకీటాకీ గురించి నేనొకటి కలుపుతా. తెలుగులో కాదనే ముక్క మాట చివర వస్తుంది. ‘ఎత్తు’, ‘ఎత్తకు’. ‘వదులు’, ‘వదలకు’. ‘వేసుకోండి’, ‘వేసుకోకండి’. ఒక్క అక్షరం గాల్లో కలిసిపోతే చేయొద్దన్నది చేయమన్నట్టే వినబడుతుంది. పైగా మన వాక్యంలో క్రియ ఆఖరున. “మూడో నంబరు పైపు కింద ఉన్న చెక్క…” అని బటన్ ముందే వదిలేస్తే తీయాలో ఉంచాలో తెలియదు. వాక్యం తోక తెగితే ఇంగ్లిష్‌లో వివరాలు పోవచ్చు, మనకి మాత్రం పనే పోతుంది.

కాబట్టి రేడియోలో ‘-కు’, ‘-కండి’ పూర్తిగా మానేయించండి. ‘ఎత్తకు’ అనొద్దు, ‘ఆపు’ అనాలి. ‘వదలకు’ అనొద్దు, ‘పట్టుకో’ అనాలి. కాదనడానికి వేరే మాటే ఉండాలి. వీలైతే క్రియ ముందుకు తెండి: “ఆపు – మూడో నంబరు.” వ్యాకరణం కాస్త వంకరగా ఉన్నా ఫరవాలేదు, వ్యాకరణం మీద పైపు పడదు.

క్రేన్_కింద

భలే పాయింటు. బటన్ నొక్కాక ఒక సెకను ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి అక్షరం పోతుంది. మాట అయ్యాక కూడా ఒక్క క్షణం ఆగి వదలాలి. మొదటా చివరా రెండూ దక్కాలి.

రేడియోలో ఒక్కో ఆజ్ఞకీ మూడు ముక్కలు: ఏం పని ఎటు చేయాలో, ఎంత దూరమో, చివర ఆపు. “దించు – రెండు మీటర్లు… ఒక మీటరు… అర మీటరు… జాన… బెత్తెడు… ఆపు.” కళ్లు మూసుకున్న మనిషికి చెబుతున్నట్టు, దూరం తగ్గుతున్న కొద్దీ చెబుతూనే ఉండాలి. మధ్యలో గొంతు ఆగిపోతే ఆపరేటర్ కూడా ఆగిపోవాలి. ‘కొంచెం’ అన్న మాట వాడొద్దు. ఒకరి కొంచెం బెత్తెడు, ఇంకొకరి కొంచెం బారెడు. ‘ఇటు, అటు’ కూడా పనికిరావు, మీ వేలు రేడియోలో కనబడదు కదా. కుడి, ఎడమ ఎప్పుడూ ఆపరేటర్ సీట్లోంచి చూసినవే.

ఓరుగల్లు_అన్న

“జర” గూడ బంద్ జెయ్యాలె అయితె. “జర దించు” అనకుంట మావోళ్లకు నోరు లేవదు 😄

రన్‌వే_చివర

విమానాల సంగతి ఒక్కటే చెప్పి పోతా. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయారు. పొగమంచు ఉంది, ఇంకా చాలా కారణాలున్నాయి. అందులో మాటల వంతు ఇది: పైలట్ తాము “టేకాఫ్ దగ్గర ఉన్నాం” అన్నాడు. లేవడానికి సిద్ధంగా ఉన్నామనా, పరుగు మొదలుపెట్టామనా? టవర్ నుంచి మొదట వచ్చిన జవాబు “ఓకే”. తర్వాత టవరూ రెండో విమానమూ ఒకేసారి మాట్లాడడంతో ఆగమన్న ముక్క కీచుమన్న శబ్దంలో కలిసిపోయింది. ఆ తర్వాత మారింది ఏమిటంటే, ‘టేకాఫ్’ అన్న మాట అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని తిరిగి చెప్పేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ అనకూడదు. మిగతా అన్ని చోట్లా ‘డిపార్చర్’. ఉత్త ‘ఓకే’ జవాబు కాదు, అనుమతిని అంకెలతో సహా తిరిగి చదవాలి.

మర్యాద వల్ల వచ్చే తప్పు కూడా ఉంది. 1990 జనవరి 25న ఏవియాంకా 52 అనే కొలంబియా విమానం న్యూయార్క్ దగ్గర ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది పోయారు. ఇంధనం తగ్గుతోందని, ముందు దిగనివ్వమని సిబ్బంది చెప్పారు గానీ ‘ఎమర్జెన్సీ’ అన్న మాట కంట్రోలర్లకు చెప్పలేదు. మీ సైటులో అలాంటి ఒక్క మాట ముందే ఖాయం చేసుకోండి. “సార్, కొంచెం స్లింగ్ అదోలా ఉంది” అన్నది ఎవరి చెవికీ ఎక్కదు.

చేతిభాష

వినికిడి లేని హెల్పర్ సంగతి అందరూ దాటేశారు, అందుకే రాస్తున్నా.

మొదట, క్రేను సైగలు వేరు, భారతీయ సంకేత భాష వేరు. సైగలు ఒక పనికి పెట్టుకున్న పది పన్నెండు గుర్తులు. సంకేత భాషకి వ్యాకరణం ఉంది. ఢిల్లీలో 2015లో దానికోసం పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు, 10,000 పదాల నిఘంటువు ఉంది. తెలుగు వాక్యాన్ని మాటకి మాట చేతుల్లో పెడితే సంకేత భాష అయిపోదు. ప్రశ్నమాట వాక్యం చివర వస్తుంది, కాదన్నది కూడా చివరే, తల అడ్డంగా ఊపుతూ. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు పైకి లేస్తాయి. చేతులు అవే, కనుబొమలు లేవకపోతే అది ప్రశ్న కాదు, చెప్పిన వాక్యం. ముఖం అక్కడ భావం కోసం మాత్రమే కాదు, వ్యాకరణం కోసం కూడా. మెహ్రేబియన్ స్లైడు ఇక్కడ మరీ తేలిపోతుంది, ఎందుకంటే ఈ భాషలో మాటా ముఖమూ విడివిడిగా లేవు.

సైటులో చేయాల్సినవి. వెనక నుంచి పిలిచి లాభం లేదు కాబట్టి భుజం తట్టాలి, లేదా చూపు పరిధిలో చేయి ఊపాలి. వెలుతురు మీ ముఖం మీద పడాలి, మీ వెనక నుంచి కాదు. మాస్కు, నోట్లో గుట్కా, ఫోను మూడూ పక్కన పెట్టి మాట్లాడాలి. పెదాలు చదవడం మీద ఆధారపడొద్దు: ‘ప’, ‘బ’, ‘మ’ మూడూ పెదాల మీద ఒకేలా ఉంటాయి. ‘పాలు’, ‘బాలు’ కంటికి ఒకటే. అంకెలు వేళ్లతో చూపి, కాగితం మీద రాయాలి. అనువాదకులు ఉంటే వాళ్లని కాదు, ఆ మనిషినే చూస్తూ మాట్లాడాలి. హారన్‌తో పాటు తిరిగే లైటు కూడా ఉండాలి.

తల ఊపడం గురించి పైన చెప్పిందంతా ఇక్కడ రెట్టింపు వర్తిస్తుంది. వినబడనప్పుడు నవ్వి తల ఊపేయడమే అన్నిటికంటే తేలికైన దారి. గంగిరెద్దు కూడా అడిగినదానికల్లా తల ఊపుతుంది, అంతమాత్రాన దానికి అర్థమైందనుకుంటామా? “ఎలా చేస్తావో చూపించు” అని అడగండి. చేసి చూపిస్తే చాలు, ఏ భాషైనా ఒకటే.

గోడౌన్_మేస్త్రి

అందరికీ దండాలు. ఇలా మార్చాను. మొదటి 20 నిమిషాలు ఊఁ, ఆఁ, తల ఊపడం, ‘మూడో గేటు’ ఆట. తర్వాత 30 నిమిషాలు తిరిగి చెప్పించడం, ఇద్దరిద్దరుగా సాధన. 15 నిమిషాలు అంకెలు: ఏభై, ఎనభై, వాకీటాకీ మీద, పక్కన జనరేటర్ ఆన్ చేసి. తర్వాత 40 నిమిషాలు యార్డులో చేతి సైగలు. చివర 15 నిమిషాలు రేడియో: ‘-కు’ లేదు, ‘కొంచెం’ లేదు, ‘జర’ లేదు. ప్రమాద సూచనకి “ఆపు ఆపు ఆపు” అని మూడుసార్లు, ఎవరైనా అనొచ్చు. సైగల ఛార్టు గోడకి అంటిస్తాం, బొటనవేలు బొమ్మ మీద ఎర్ర గీత కొట్టి.

క్రేన్_కింద

బొటనవేలు మీద గీత కొట్టొద్దు! బూమ్ పైకి, కిందికి సైగలే అవి, గీత కొడితే అవీ పోతాయి. నిషేధం ‘సరే’ అనడానికి వాడడం మీదే. ‘సరే’కు బదులు ఏం చూపాలో కూడా ఛార్టులో వేయండి, లేకపోతే రెండో రోజుకే బొటనవేళ్లు మళ్లీ లేస్తాయి. స్లింగ్ తగిలించినవాళ్లు ఆపరేటర్‌కి ఏమీ చూపకూడదు, వెనక్కి జరిగి సిగ్నల్‌మన్ వైపు తిరిగి “క్లియర్” అని నోటితో చెప్పాలి. వినికిడి లేనివాళ్లైతే సిగ్నల్‌మన్ పక్కకు వచ్చి నిలబడడమే గుర్తు.

పట్టాల_పక్క

ఇంకొకటి: యార్డులో 40 నిమిషాల్లో 10 నిమిషాలు ఎండకి ఎదురుగా నిలబెట్టి చేయించండి. సిగ్నల్‌మన్ వెనక సూర్యుడుంటే ఆపరేటర్‌కి నల్లటి నీడ తప్ప వేళ్లు కనబడవు. సాయంత్రం నాలుగు తర్వాత మీ యార్డులో ఏ వైపు నిలబడాలో అప్పుడే తేలిపోతుంది.